మడమ రుద్దే రాయికి వోచరు ఉందా?

పంచదారలో కొబ్బరినూనె, నిమ్మరసం కలిపి మడమలకు పట్టించి రుద్దితే ఒంట్లో పేరుకున్న విషాలన్నీ పాదాల్లోంచి బయటికి వచ్చేస్తాయట! పైగా ఇది మన ఋషులు అయిదువేల ఏళ్ల క్రితమే చెప్పిన రహస్యమట! ఈ సందేశం నాకు ఈ నెలలో నలుగురు పంపారు. నలుగురూ చదువుకున్నవారే. ఒకాయన ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారు.

నేను వైద్యుణ్ణి కాదు, చరిత్రకారుణ్ణీ కాదు. బి.కాం. చదివి, రక్షణ లెక్కల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇతరుల బిల్లులు పరీక్షించినవాణ్ణి. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. ఖర్చు ఎంత చిన్నదైనా వోచరు ఉండాలి, వోచరు మీద రాసి ఉన్నదే లెక్కలోకి రావాలి, అంతకు పైసా ఎక్కువ రాకూడదు. పై సందేశంలో రెండు పద్దులున్నాయి. మడమలు రుద్దుకోవడం మన దగ్గర పాతకాలం నుంచీ ఉందన్నది ఒకటి. దానివల్ల విషాలు పోతాయన్నది రెండోది. మొదటిదానికి వోచర్లు బోలెడున్నాయి. వాటిని చూపించి రెండో పద్దు కూడా పాస్ చేయించుకోవడమే ఇక్కడ జరుగుతున్న గోల్‌మాల్.

పాత వోచర్లలో నాకు బాగా నచ్చినది వేదాల్లోదీ కాదు, వైద్యగ్రంథాల్లోదీ కాదు. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయపిటకంలోది. సంప్రదాయం ప్రకారం ఈ పాళీ గ్రంథాలు క్రీ.పూ. 1వ శతాబ్దంలో సింహళంలో తాళపత్రాలకెక్కాయి. రైస్ డేవిడ్స్, ఓల్డెన్‌బర్గ్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1880లలో అచ్చయింది. అందులో చుల్లవగ్గ అనే భాగం ఉంది. దాని అయిదో అధ్యాయం నిండా చిల్లర సామాన్ల గొడవే. దువ్వెన, అద్దం, గోళ్లు, గొడుగు, విసనకర్ర. భక్తితో చదివేవాళ్లకి విసుగు పుడుతుందేమో గాని, స్టోరు రిజిస్టర్లు చూసిన నాబోటివాడికి పండగే!

శ్రావస్తికి చెందిన విశాఖ అనే ధనిక ఉపాసిక ఒకసారి బుద్ధుడి దగ్గరికి మూడు వస్తువులు తెచ్చింది. ఒక కుండ, ఒక చీపురు, 'కతక' అనేది ఒకటి. కతక అంటే పాదాలు రుద్దుకునే సాధనం. తామరకాయ ఆకారంలో చేసి, రుద్దుకోవడానికి వీలుగా పైన ముళ్లలాంటి బొడిపెలు లేపుతారని తర్వాతి కాలపు వ్యాఖ్యానం చెబుతుంది. బుద్ధుడు కుండ, చీపురు పుచ్చుకుని కతక వద్దన్నాడు. ఆ తర్వాత భిక్షువులకు మూడు రకాల పాదఘర్షణులు అనుమతించాడు. రాయి, పెంకు, సముద్రపు నురుగు. ఈ చివరిది నిజంగా నురుగు కాదు. కటిల్‌ఫిష్ ఎముక అని కొందరు, ప్యూమిస్ రాయి అని కొందరు అర్థం చెప్పారు. ఏదైనా సరే, తేలికగా, గుల్లగా, గరుగ్గా ఉండే వస్తువు.

కతక ఎందుకు వద్దు? విలాసానికి దారితీస్తుందని వ్యాఖ్యాత వివరణ. అంతే. మా శాఖలో ఫలానా హోదాకి ఫలానా కుర్చీ, ఫలానా బల్ల అని స్కేలు ఉండేది. ఇదీ అలాంటి స్కేలే. ఆ అధ్యాయం మొదట్లోనే స్నానం చేస్తూ చెట్లకీ స్తంభాలకీ గోడలకీ ఒళ్లు రుద్దుకునే భిక్షువుల్ని చూసి జనం వీళ్లేమిటి, మల్లయోధుల్లా అని విసుక్కున్న ముచ్చట ఉంది. వాళ్ల చింతంతా జనం ఏమనుకుంటారన్నదే. ఇక్కడ రాయి పని మురికి వదలడం. విషాల మాట లేదు, ఆయుర్దాయం మాట లేదు. ఒక మతగ్రంథం ఒక వస్తువు గురించి ఇంత పొదుపుగా మాట్లాడటం అరుదు!

వైద్యగ్రంథాల దగ్గరికి వస్తే పద్దు పెరగడం మొదలవుతుంది. సుశ్రుతసంహితలో ఇటుకతో ఒళ్లు రుద్దుకుంటే దురద, దద్దుర్లు పోతాయని ఉంది. చరకసంహితలో పాదాలకు నూనె పట్టించడం వల్ల గరుకుదనం, పొడిబారడం, అలసట తగ్గుతాయని ఉంది. ఇంతవరకు ఎవరైనా తమ కాళ్ల మీద చూసుకోగలిగినవే. కానీ అదే చోట తిమ్మిరి పోతుందని, కంటిచూపు మెరుగవుతుందని కూడా ఉంది. చూసి రాసిన దాని పక్కనే ఊహించి రాసింది ఒకే సిరాతో ఉండటంతో, రెండువేల ఏళ్లుగా రెండూ కలిసే పాస్ అవుతున్నాయి. ఈ తిమ్మిరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక అయిదువేల ఏళ్లు. సింధు నాగరికత తవ్వకాల్లో దొరికిన కొన్ని గరుకు మట్టి వస్తువులు ఒళ్లు రుద్దుకునేవే అయి ఉంటాయని పురాతత్వవేత్తలు భావించారు. శాతవాహనుల కాలపు దక్కన్ స్థలాల్లోనూ అలాంటివి దొరికాయి. వస్తువు ఉంది, సరే. కానీ దాని వెనక ఏ సిద్ధాంతం ఉందో మట్టిబిళ్ల చెప్పదు. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ ఒప్పుకోదగ్గ రీతిలో చదవలేకపోయారు. చదవని కాగితాన్ని వోచరుగా జతచేస్తే ఏ ఆడిటరు ఊరుకుంటాడు?

18, 19 శతాబ్దాల నాటి ఇత్తడి 'వజ్రీ'లు మ్యూజియాల్లో కనిపిస్తాయి. పైన నెమలో చిలకో, లోపల గలగలలాడే గుండ్లు, అడుగున గళ్లుగళ్లుగా గరుకు. ముచ్చటగానే ఉంటాయి. కానీ నిజంగా కాళ్లు పగిలేది ఎవరికి? బురదలో చెప్పుల్లేకుండా నాట్లు వేసేవాళ్లకి. వాళ్లకి దొరికింది బట్టలుతికే బండ అంచు.

ఇప్పుడు రెండో పద్దు. అరికాలి చర్మం పై పొర కెరటిన్ నిండిన చచ్చిన కణాల దొంతర. అరచేతుల్లో, అరికాళ్లలో అది మిగతా ఒంటి మీద కంటే చాలా మందం. అరికాళ్లలో నూనె గ్రంథులు లేవు, చెమట గ్రంథులే ఉన్నాయి. అందుకే మడమలు ఎండుతాయి, పైన బరువు పడితే అంచులు పగులుతాయి. పంచదార గానీ ఉప్పు గానీ చేసేది ఆ చచ్చిన పొరను కొంత గీకడం. నూనె చేసేది తేమ ఎగిరిపోకుండా ఆపడం. ఒంట్లోని వ్యర్థాల సంగతి చూసుకునేవి ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాలు. నిమ్మరసంలో వంటసోడా వేస్తే బుసబుస పొంగేది మురికి కాదు, కార్బన్ డయాక్సైడ్. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, డెబిట్‌కి క్రెడిట్ సరిపోయినట్టు. పగిలిన మడమ మీద నిమ్మరసం మండుతుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

రాత్రి అరికాలికి అంటిస్తే పొద్దున్నకి నల్లబడి విషాలు లాగినట్టు కనిపించే పట్టీలు కొన్నాళ్లు బాగా అమ్ముడయ్యాయి. 2009 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 'కినోకి' పట్టీలు అమ్మేవాళ్ల మీద మోసపు ప్రకటనల కేసు పెట్టింది. ఆ పట్టీ నల్లబడటానికి కాళ్లు అక్కర్లేదు, కాస్త తడి తగిలితే చాలు.

ఇంట్లో చేసుకోవద్దని నేననడం లేదు. రెండు చెంచాల పంచదార, ఒక చెంచా కొబ్బరినూనె. కాళ్లు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెల్లగా రుద్ది, కడిగి, వేళ్ల సందులు ఆరేలా తుడుచుకుని వ్యాజిలీన్ రాస్తే చాలు. పగుళ్లు ఎక్కువైతే యూరియా కలిసిన క్రీము వాడమని చర్మ వైద్యులు చెబుతారు. బాత్‌రూము నేల జారుతుంది, జాగ్రత్త.

కానీ ఇదంతా స్పర్శ ఉన్న కాళ్లకు. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. మధుమేహం ముదిరితే నరాలు దెబ్బతిని పాదాలు మొద్దుబారతాయి. నాతో రిటైరైన మిత్రుడొకాయనకు పదిహేనేళ్లుగా షుగరు. కాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయంటే ఎవరో కల్లుప్పు, నువ్వులనూనె, గరుకు రాయి వైద్యం చెప్పారు, శాస్త్రాల్లోనే ఉందని కూడా చెప్పారు. రోజూ రాత్రి వేడినీళ్లలో కాళ్లు పెట్టి గట్టిగా రుద్దుకునేవారు. నొప్పి తెలియకపోవడం మందు పనిచేస్తున్న గుర్తనుకున్నారు. మడమ పుండు సంగతి దుప్పటి మీద మరకలు చూసి వాళ్లావిడ కనిపెట్టింది. మూడు నెలలు కట్లు కట్టించుకున్నారు. కాలు దక్కింది, అదృష్టం.

చరకుడి కాలంలో తిమ్మిరికి కారణం తెలుసుకునే సాధనం లేదు, ఆయన్ని తప్పుపట్టలేం. ఇప్పుడుంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగు. కళ్లు మూసుకోమని దాన్ని అరికాలి మీద కొన్ని చోట్ల ఆనించి తెలుస్తోందా అని డాక్టరు అడుగుతారు. నిమిషాల పని. షుగరున్నవాళ్లు రాయి చేత పట్టేముందు ఆ పరీక్ష చేయించుకోండి. తెలియకపోతే ఆ కాళ్ల మీద రాయీ వద్దు, ఉప్పూ వద్దు, వేడినీళ్లూ వద్దు.