కలంకారీ: ఐదు రంగుల కూర్పు

రంగులు పూయుట వేరు, రంగులను కూర్చుట వేరు. ఏ రంగు సరసన ఏ రంగు నిలుపవలెను, దేనిని విరివిగా వాడవలెను, దేనిని చుక్కలుగా మాత్రమే చిలుకరింపవలెను అను వివేకమునకే వర్ణసంయోజనమని పేరు. ఆంధ్రదేశమున ఈ వివేకమును తరతరములుగా కాపాడిన కళలలో కలంకారీ ముఖ్యమైనది. ఐదారు రంగులతో అది దేశదేశముల మన్ననలందినది. వందల రంగులు అంగడికి వచ్చిన పిమ్మట అంతరించునంతటి స్థితికి దిగినది. ఈ వింతకు కారణము తెలియవలెనన్న ఆ రంగుల పుట్టుకను ముందుగా తెలిసికొనవలెను.

కలంకారీ యనునది పారసీక భాషనుండి వచ్చిన మాట. కలముతో చేయు పని యని దాని యర్థము. తెలుగున దీనికి వ్రాతపని యని పేరు. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు ఉన్ని చుట్టి చేసిన కలముతో బట్టపై బొమ్మలు వ్రాయుదురు. మచిలీపట్నము, పెడన ప్రాంతములలో కొయ్య అచ్చులతో అద్దుదురు. పనితీరు వేరైనను సంప్రదాయమున వచ్చిన రంగు సరకులు రెండుచోట్లను ఇంచుమించు ఒక్కటే.

నలుపునకు పాత ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి, కొన్ని వారములు పులియనిత్తురు. శ్రీకాళహస్తిలో బట్టను ముందుగనే కరక్కాయ రసమును గేదెపాలను కలిపిన నీట తడిపి ఆరవేయుదురు. ఇనుపనీరు కరక్కాయ వగరును తాకగానే గీత నల్లబడును. పాలలోని క్రొవ్వు ఆ గీత చెదరకుండ కాపాడును. ఎరుపు చిరివేరు వలన, నీలము నీలిమందు వలన, పసుపు కరక్కాయపువ్వు, దానిమ్మతొక్క మొదలగు వానివలన వచ్చును. నీలముపై పసుపు పూసిన ఆకుపచ్చ యగును. ఇక ఆరవదిగా బట్టకు స్వతస్సిద్ధమైన తెలుపు ఉండనే యున్నది.

వీనిలో ఎరుపు పుట్టు విధము మిక్కిలి విచిత్రము. ఎఱ్ఱగా ఉండవలసిన చోట పనివాడు పూయునది ఎరుపు కాదు, పటికనీరు. దానికి చెప్పుకోదగిన రంగే లేదు. పిదప ఆ బట్టను చిరివేరు వేసిన కాగులో మరిగించినప్పుడు పటిక తగిలిన చోటనే రంగు పట్టి నిలుచును. తక్కినచోట పట్టిన చాయ ఉతుకుట వలనను, ఎండవేయుట వలనను పోవును. పటిక బలము తగ్గించిన లేత గులాబి, దానితో ఇనుపనీరు కలిపిన ఊదా వన్నె కలుగును. కావున కలము పట్టువాడు తాను వ్రాయు రంగును కంటితో చూడకయే వ్రాయవలెను. నీలమెచ్చట వచ్చునో, పసుపెచ్చట వచ్చునో, ఎంత తెలుపు మిగులవలెనో మొదటి గీత గీయక పూర్వమే నిశ్చయించుకొనవలెను. ఒకసారి పట్టిన ఎరుపును తుడిచివేయుట సాధ్యము కాదు. సరకుల స్వభావమే ఆ పనివారికి ముందుచూపును నేర్పినది.

రంగులు కొన్నియే యగుటచే ప్రతి రంగునకును ఒక స్థానము ఏర్పడినది. దేవాలయములకై రామాయణ భారత కథలను వ్రాసిన శ్రీకాళహస్తి సంప్రదాయమున రాముడు, కృష్ణుడు మొదలగు దేవతామూర్తులకు నీలము, స్త్రీమూర్తులకును ఆభరణములకును పసుపు, రాక్షసులకు ఎరుపు, ఆకుపచ్చ వాడుట వాడుక. నేపథ్యము తరచుగా ఎరుపు. చదువురాని భక్తుడును రంగును చూచి కథాపాత్రను గుర్తింపగలుగుచుండెను. అన్నిటిని వేరుపరచుచు నల్లని గీత నడచును. ఎరుపు, నీలము ఒకదానినొకటి ఒరసికొని కంటికి బాధ కలిగింపకుండ ఆ గీత గట్టువలె అడ్డునిలుచును.

తీరదేశమున ఈ కళ వర్తకముతో పెరిగినది. మచిలీపట్నమున 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిరి. పారసీక దేశమునకును, తూర్పు దీవులకును, పిదప ఐరోపాకును కోరమండల తీరపు అద్దకములు ఓడలపై పోవుచుండెను. 17వ శతాబ్దిలో మచిలీపట్నమున పనిచేసిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ నిజాంపట్నము ప్రాంతపు చిరివేరు శ్రేష్ఠతను తన వ్రాతలో ప్రశంసించెను.

కొనువాని అభిరుచి రంగుల కూర్పును సైతము మార్చగలదు. 1643లో ఈస్టిండియా కంపెనీ అధికారులు లండను నుండి సూరతులోని తమ ఉద్యోగులకు ఒక ఉత్తరువు పంపిరి. ముదురు ఎరుపు నేలగల దుప్పట్లు అందరికిని నచ్చుటలేదనియు, ఇకపై తెల్లని నేల ఎక్కువగా నుంచి నడుమ పూలను కొమ్మలను రంగులతో వ్రాయింపవలెననియు దాని సారాంశము. క్రమముగా ఐరోపాకు పోవు అద్దకములలో తెల్లనినేల పైచేయి యయ్యెను. రంగుల సరకులు మారలేదు. వాని పాళ్లు మారినవి. నేలగా నిలిచిన ఎరుపు పువ్వుగా మారినది. అదే చేతి విద్య రెండు భిన్నమైన అభిరుచులను తృప్తిపరచినది.

ఆ తృప్తియే అక్కడి నేతగాండ్రకు భయకారణమయ్యెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు సాగెను. ఇంగ్లండులో 1700లోను, 1721లోను నిషేధ శాసనములు వెలువడెను. ఇంతలో ఐరోపావారు ఈ విద్యను గ్రహించుటకు పూనుకొనిరి. క్యూర్దూ అను ఫ్రెంచి మతాచార్యుడు ఇచ్చటి పనివారిని అడిగి తెలిసికొని, అద్దకపు విధానమును 1742లో ఒక లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను.

రంగుల పొరుగును గూర్చిన శాస్త్రము కూడ ఐరోపాలో అద్దకపు పనినుండియే పుట్టుట గమనింపదగినది. పారిస్ నగరమున గోబెలిన్ వస్త్రశాలలో అద్దకముల అధికారియైన షెవ్రయ్ అను రసాయనవేత్తకు, అచటి నలుపు చాలినంత నలుపుగా లేదని ఫిర్యాదు వచ్చెను. ఆయన పరీక్షింపగా దోషము నలుపు సరకున లేదు. దాని ప్రక్కనున్న నీలము, ఊదా రంగులవలన నలుపు వెలవెలబోవుచుండెను. ప్రతి రంగును తన పొరుగు రంగును మార్చునను సిద్ధాంతమును ఆయన 1839లో గ్రంథముగా ప్రకటించెను.

పిదప రసాయనశాస్త్రము మరియొక వైపునకు మరలెను. 1856లో పెర్కిన్ అను ఆంగ్ల యువకుడు బొగ్గుతారు సరకునుండి ఊదారంగును కనుగొనెను. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అనువారు మంజిష్ఠలోని ఎరుపును కృత్రిమముగా చేసిరి. 1897లో కృత్రిమ నీలి అంగడికెక్కెను. చౌకగా, త్వరగా, లెక్కకు మిక్కిలిగా రంగులు లభించెను. చిరివేరునకు, నీలిపంటకు గిరాకి పడిపోయెను. యంత్రపు అచ్చుబట్టల పోటీకి చేతిపని తాళలేకపోయెను. ఎన్ని రంగులైనను కొనగలిగిన నాడు ఏది మానవలెనో చెప్పు కట్టుబాటు లేకపోయెను.

20వ శతాబ్ది నడిమికి శ్రీకాళహస్తిలో వ్రాతపని తెలిసినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మిగిలిరి. శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ మొదలగువారి ప్రోత్సాహమున 1957లో అచ్చట ప్రభుత్వ శిక్షణకేంద్రము నెలకొనెను. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువై యువకులకు ఈ విద్య నేర్పిరి. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను. నేడు శ్రీకాళహస్తిలోను, పెడనలోను అనేక కుటుంబములు ఈ పనిపై జీవించుచున్నవి. కృత్రిమ రంగులు వాడువారును కలరు, పాత సరకులనే పట్టుకొనినవారును కలరు.

విదేశముల సంగ్రహాలయములలోని పాత అద్దకములను చూచిన, వానిలో కొన్ని పూలతీగల ఆకులు నీలముగా కనబడును. వ్రాసిన నాడవి పచ్చని ఆకులే. నీలముపై పూసిన పసుపు కాలక్రమమున వెలిసిపోగా అడుగున నీలము మాత్రమే మిగిలినది. విద్యల గతియు అట్టిదే. చేతినుండి చేతికి మాత్రమే సాగు జ్ఞానములో కొంత ప్రతి తరమునను పసుపువలె వెలిసిపోవును, అక్షరమునకెక్కినది మిగులును. ఫ్రెంచి ఆచార్యుని లేఖ నేటికిని చదువుటకు లభించుచున్నది, ఆయనకు ఆ విద్య చెప్పిన పనివారి పేర్లు లభించుటలేదు. గ్రామమునందలి పనివారి నేర్పు వారి నోటనే వ్రాయించి, గ్రంథాలయపు బీరువాలో భద్రపరచినచో ఈ కొరత రాబోవు తరమునకు కొంతయైనను తీరును.