పందికొక్కు సముద్రయానము

ఆంగ్లభాషకు దక్షిణదేశము అరువిచ్చిన మాటలను లెక్కించు పండితులు కర్రీ, మ్యాంగో, కాటమరాన్ మొదలగువానిని ఘనముగా పేర్కొని, తెలుగువారి వంతు వచ్చునప్పటికి కొంచెము తడబడి, తుదకొక ఎలుకను చూపుదురు. ఆ ఎలుక మన పందికొక్కు. ఆంగ్లమున దాని పేరు బాండికూట్.

జేనకు మించిన దేహము, ఇంచుమించుగా అంతే పొడవుగల తోక, బెదిరించినచో నిక్కబొడుచుకొను ముదురు రోమములు, పందివలె గుర్రుమను అరపు, ఇన్ని గల జంతువునకు పంది, కొక్కు అను రెండు మాటలను జోడించి మనవారు పెట్టిన పేరు ఒక చిన్న చిత్తరువే. ఇది తినునదానికంటె దాచునది మిక్కుటము. నెల్లూరు సీమలో యానాదులు అడుగున రంధ్రముగల కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కుండమూతిని కలుగునకు ఆనించి, రంధ్రముగుండ ఊదుచు పొగ లోనికి పోనిచ్చి, ఆపై త్రవ్వి, ఎలుకలతోపాటు అవి లోన పేర్చుకొన్న వరివెన్నులను గూడ తెచ్చుకొనెడివారు. గాదెక్రింది పందికొక్కు అను నానుడి ఊరక పుట్టలేదు.

1611లో ఆంగ్ల వర్తకులు మచిలీపట్టణమున దిగి, బట్టలమూటలను నిలువచేయుటకు కొట్లు కట్టుకొనిరి. గోడౌను అను మాటకును మన గిడ్డంగియే మూలమని కొందరందురు. ఆ తగవు మనకిప్పుడు వలదు. సరకును కొరికినదేమని దొర అడుగగా కొట్టుకాపరి చెప్పిన జవాబే ఆ నోట బాండికూట్ అయినదని నా ఊహ. పకారము బకారమైనది, కొక్కు కూట్ అయినది. కూట్ అనునది వారి దేశపు నీటిపక్షి పేరు కూడ. ఎరుగని మాటను ఎరిగిన మాటవైపు వంచుకొనుట లోకమున ఎల్ల నాలుకలకును గల అలవాటే గదా! యూల్, బర్నెల్ అను ఇరువురు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ పదమును తెలుగుదిగానే గుర్తించి, దేవగిరి దుర్గపు చెరసాలలో పిల్లులను సైతము పరుగెత్తించు ఎలుకలను కన్నులార చూచి విస్మితుడైన యాత్రికుడు ఇబన్ బతూతా మాటలను గూడ ఉదాహరించినది. శాస్త్రజ్ఞులును వెనుదీయక, ఆ జాతికి బాండికోటా అనియే నామకరణము చేసిరి.

ఇంతవరకు పేరు జంతువును విడువలేదు. 1788లో ఆస్ట్రేలియాలో వలస నెలకొల్పిన ఆంగ్లేయులకు, కోసుమూతితో నేలను గరాటువలె త్రవ్వి పురుగులను, దుంపలను వెదకుకొను ఒక ప్రాణి కనబడగా, హిందూదేశమునుండి వచ్చిన ఆ పేరునే దానికిని తగిలించిరి. అది ఎలుక కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచునది. త్రవ్వునప్పుడు మన్ను పడకుండుటకై దాని సంచిమూతి వెనుకకు తిరిగియుండును. 1996లో వెలువడిన క్రాష్ బాండికూట్ అను వీడియో ఆటలోని నారింజరంగు నాయకుడు ఈ ఆస్ట్రేలియా శాఖవాడే, మన గాదెక్రిందివాడు కాడు.

అయినను ఆ పరదేశమున ఈ మాట కొత్తగా క్రియారూపమును తాల్చిన తీరు చూచినచో, మాటకు పుట్టినింటి బుద్ధి పోలేదని నాకు తోచును. బంగాళాదుంపల చేనిలోనికి రాత్రివేళ చొరబడి, మొక్కను పెరుకక, మట్టిని ప్రక్కకు తీసి, క్రింది దుంపలను మాత్రము కోసికొని, మరల మట్టి కప్పి పోవుటను వారు బాండికూటింగ్ అందురు. తెల్లవారిన పిదప యజమాని గట్టుమీద నిలిచి, పచ్చగా నిలిచిన ఆకులను చూచి, పంట బాగుగనే యున్నదని తలయూపి ఇంటికి పోవును.