పరుగెత్తి పాలు తాగిన రోజులు

ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు బేస్‌బాల్ పరాయి ఆట కాదు. వారి తాతలకు మాత్రం ఆట అంటే నేటికీ క్రికెట్టే. న్యూయార్కుకూ ఫిలడెల్ఫియాకూ నడుమ ఇంచుమించు సగం దారిలో ఉన్న మన ప్లెయిన్స్‌బరోలో ఈ రెండు ఆటలూ ఒకే ఇంటి కప్పు కింద కాపురం చేస్తున్నాయి. తాతలకూ మనుమలకూ కూడా పనికివచ్చేలా, బేస్‌బాల్‌లో క్రమంగా కనుమరుగవుతున్న ఒక దెబ్బ చరిత్రను ఇక్కడ చెప్పదలచాము. దాని పేరు ట్రిపుల్.

బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, ఫీల్డర్లు దానిని అందుకొని తిరిగి విసిరేలోగా, ఒకే ఊపున మూడవ బేస్ చేరుకుంటే అది ట్రిపుల్. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు; అంటే మొత్తం 270 అడుగుల పరుగు. మంచి వేగం ఉన్నవాడికి పదకొండు పన్నెండు సెకన్ల పని. హోమ్ రన్ కొట్టినవాడు ఊరేగింపులో పెళ్లికొడుకులాగా నింపాదిగా నాలుగు బేస్‌లూ చుట్టి వస్తాడు. ట్రిపుల్ కొట్టినవాడికి ఆ భోగం లేదు. అటునుంచి బంతి వస్తూ ఉంటుంది, ఇటునుంచి మనిషి వస్తూ ఉంటాడు. ఎవరు ముందు వస్తే వారిదే మూడవ బేస్. క్రికెట్‌లో బౌండరీ దాటని బంతికి పరుగెత్తి తీసిన మూడు పరుగులు దీనికి దగ్గర చుట్టం.

ఒకప్పుడు ఈ దెబ్బకు కొదువ లేదు. డెట్రాయిట్ జట్టులో పేరు తెచ్చుకున్న శామ్ క్రాఫర్డ్ తన ఆటజీవితంలో 309 ట్రిపుల్స్ కొట్టాడు. అతనితో కలిసి ఆడిన టై కాబ్ 295 కొట్టాడు. 1912లో పిట్స్‌బర్గ్ ఆటగాడు ఓవెన్ విల్సన్ ఒక్క సీజనులోనే 36 కొట్టాడు. విచిత్రమేమంటే, అంతకు ముందుగానీ తరువాతగానీ ఏ సంవత్సరమూ ఆయన 15 దాటలేదు. ఆ ఏడు పిట్స్‌బర్గ్ జట్టు మొత్తం కొట్టినవి 129. ఈనాడు ఒక జట్టు ఏడాది పొడుగునా ఆడితే ఇరవై ముప్పైకి మించడం గగనం. ఇరవయ్యో శతాబ్దం చివర 583 హోమ్ రన్లు కొట్టిన మార్క్ మగ్వాయర్ జీవితకాలపు ట్రిపుల్స్ ఎన్నో తెలుసా? ఆరు!

ఈ అంకెలు చూడగానే పెద్దలు అనే మాట ఒకటుంది: "ఇప్పటి కుర్రాళ్లకు పరుగెత్తే ఓపిక ఎక్కడిది?" మన ఇళ్లలో ఈ మాట బేస్‌బాల్ గురించే కాదు, చాలా విషయాల గురించి వినబడుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుగా నేటి ఆటగాళ్లు మైదానాన్ని సాకుగా చెబుతున్నారా? మా అభిప్రాయంలో ఈసారి మద్దెల నిజంగానే మారింది.

పిట్స్‌బర్గ్‌లో 1909లో కట్టిన ఫోర్బ్స్ ఫీల్డ్‌లో మధ్యభాగపు కంచె 450 అడుగులకు పైగా దూరం. న్యూయార్కు పోలో గ్రౌండ్స్‌లో అది ఇంచుమించు 480 అడుగులు. 1954 వరల్డ్ సిరీస్‌లో విక్ వర్ట్జ్ కొట్టిన బంతిని విల్లీ మేస్ వెనక్కు తిరిగి పరుగెత్తి పట్టుకున్నది అక్కడే. మరొక మైదానమైతే ఆ బంతి కంచె అవతల పడేది. ఇంత చోటు ఉన్నప్పుడు ఇద్దరు ఫీల్డర్ల నడుమనుంచి దూరిన బంతి కంచె దాకా దొర్లుతూనే ఉండేది, కొట్టినవాడు పరుగెత్తుతూనే ఉండేవాడు. పోలో గ్రౌండ్స్‌ను 1964లో పడగొట్టారు. ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఆట 1970లో ముగిసింది. యాంకీ స్టేడియంలో ఎడమ-మధ్య భాగపు కంచె 457 అడుగుల దూరాన ఉండేది. అది 1976లో 430కి, 1988 నాటికి 399కి దగ్గరయింది. ఆ స్టేడియం కూడా ఇప్పుడు లేదు. కొత్తది 2009లో పక్కనే వెలిసింది.

ఒక్క మాట పాతకాలంవారికి వ్యతిరేకంగా కూడా చెప్పాలి. పూర్వం జనం ఎక్కువైతే ప్రేక్షకులను మైదానంలోనే తాడు కట్టి నిలబెట్టేవారు. బంతి ఆ గుంపులో పడితే ట్రిపుల్‌గా లెక్కించాలని ఒప్పందం చేసుకునేవారు. 1903 నాటి మొదటి వరల్డ్ సిరీస్‌లో ఇటువంటివి అనేకం. కాబట్టి పాత అంకెలన్నీ పిక్కబలంతో సంపాదించినవి కావు.

మైదానం తరువాత బంతి. 1920కి పూర్వపు కాలాన్ని డెడ్‌బాల్ యుగం అంటారు, చచ్చుబంతి కాలమన్నమాట. మట్టిపట్టి మెత్తబడిన ఒకే బంతితో గంటల తరబడి ఆడేవారు. 1920 ఆగస్టులో రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి మరణించాడు. ఆ తరువాత మురికి బంతులను ఎప్పటికప్పుడు మార్చసాగారు. తెల్లగా కనబడే గట్టి బంతి దూరం పోతుంది. ఆ ఏడే బేబ్ రూత్ 54 హోమ్ రన్లు కొట్టి దేశాన్ని ఉర్రూతలూగించాడు. (భారీకాయుడని మనం అనుకునే ఆ రూత్ ఖాతాలో 136 ట్రిపుల్స్ ఉన్నవన్న సంగతి చాలామందికి తెలియదు.) కంచె దాటించేవాడికి జీతమూ పేరూ వస్తుంటే, కంచె దాకా దొర్లించి పరుగెత్తేవాడిని తలచుకునేదెవరు? మనవారూ ఇందుకు మినహాయింపు కాదు. నాగపూర్‌లో పుట్టిన తెలుగుబిడ్డ సి. కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేశాడు. అందులోని 11 సిక్సర్లనే జనం చెప్పుకున్నారు గాని పరుగెత్తి తీసినవి ఎవరు లెక్కబెట్టారు? క్రికెట్‌లో కూడా ఫీల్డర్ల క్షేమం కోసం బౌండరీ తాడు లోపలికి జరిగాక, పరుగెత్తి తీసే మూడు పరుగులు అరుదైపోయాయి.

ఇక లెక్క సంగతి. మన సామెత ఒకటుంది: పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు. (ప్లెయిన్స్‌బరో ఒకప్పుడు పాల ఊరు. వాకర్-గోర్డన్ పాడిశాలలో 1930 నుంచి తిరిగే వేదిక మీద ఒకేసారి 50 ఆవులకు పాలు పితికేవారు. 1971లో అది మూతపడింది. కనుక ఈ సామెత చెప్పడానికి తగిన చోటే ఇది.) రెండవ బేస్ మీద నిలిచినవాడు తరువాతివాడు కొట్టే మామూలు సింగిల్‌కే చాలాసార్లు ఇల్లు చేరతాడు. అటువంటప్పుడు మూడవ బేస్‌కు పరుగెత్తి అవుటైతే ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. అందుకే కోచ్‌లు పిల్లలకు మొదటినుంచీ నేర్పుతారు: మొదటి అవుట్‌గానీ మూడవ అవుట్‌గానీ మూడవ బేస్ దగ్గర కావద్దు అని. ఒక అవుట్ అయి ఉన్నప్పుడు మాత్రం తెగించవచ్చు. ఎందుకంటే మూడవ బేస్‌నుంచి, దూరాన క్యాచ్ పట్టిన బంతికి కూడా ఇల్లు చేరవచ్చు. ఈ లెక్క పాతవారికీ తెలుసు. కాని పెద్ద చేతితొడుగులు, గురితప్పని విసుర్లు వచ్చాక పరుగెత్తేవాడి గెలుపు అవకాశమే తగ్గింది.

అయినా ఈ క్షీణత ఒకే వాలున సాగలేదు. 1970లలో కృత్రిమ పచ్చిక వచ్చినప్పుడు బంతి దాని మీద జారి కంచెదాకా దూసుకుపోయేది. కాన్సస్ సిటీలో జార్జ్ బ్రెట్ 1979లో 20, విల్లీ విల్సన్ 1985లో 21 ట్రిపుల్స్ కొట్టారు. 1995లో అక్కడ మళ్లీ అసలు గడ్డి వేశారు. 1996లో న్యూయార్కు మెట్స్ తరఫున లాన్స్ జాన్సన్ 21 కొట్టాడు. 2007లో డెట్రాయిట్‌లో కర్టిస్ గ్రాండర్సన్ 23, మన పొరుగున ఫిలడెల్ఫియాలో జిమ్మీ రోలిన్స్ 20 కొట్టారు. డెట్రాయిట్ కొత్త మైదానంలో మధ్య కంచె అప్పుడు 420 అడుగులు; చోటు దొరికితే కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి.

కాళ్ల గురించి అనుమానం మిగిలినవారు 2023 సంగతి చూడాలి. ఆ ఏడు బేస్‌లను 15 అంగుళాలనుంచి 18కి పెద్దవి చేశారు. పరుగెత్తేవాడిని బేస్‌కు కట్టిపడేసే పిచర్ ఎత్తులకు హద్దు పెట్టారు. 2022లో 2,486గా ఉన్న బేస్ దొంగతనాలు ఒక్కసారిగా 3,503కు పెరిగాయి. అదే కుర్రాళ్లు, అవే కాళ్లు.

ట్రిపుల్స్ మాత్రం అలా లేవలేదు. వాటికి కావలసింది ఖాళీ నేల. దానిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. 2024లో అందరికంటె ఎక్కువ కొట్టినవారు ఇద్దరు, అరిజోనాలో కార్బిన్ కారల్, బోస్టన్‌లో జారెన్ డురాన్. చెరి 14. విల్సన్ నాటి సీజనులో 154 ఆటలుండేవి. ఇప్పుడు 162.