వానల దీవులకు వలసపోయిన దంపతులు



నేటి ప్రసంగమునకు విషయము వానల దీవులకు మనవారు చేసిన ప్రయాణము. అందును ఆలుమగలుగా కూడి సముద్రము దాటినవారి చరిత్రమును ముఖ్యముగా చెప్పదలచితిని. అనంతపురపు మెట్టమీద నిలిచి మొగులువంక చూచువారికి వాన యెంత ప్రియమైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వానకు కొఱతలేని దేశమొకటి యున్నదనియు, అచట ఏడాది పొడుగున పనియు కూడును దొరకుననియు చెప్పినచో, కఱవునందున్న దంపతులు నమ్మకుందురా? నమ్మిరి; ఓడలెక్కిరి. వాన నిజముగనే దొరకెను. తక్కినవి దొరకెనా యనునదే మనము విచారింపవలసినది.

మొదట మన నేల సంగతి. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల నెక్కునప్పుడే తన నీటిలో అధికభాగమును ఆవలివైపున కుమ్మరించును. కనుమలు దిగి మనవైపు వచ్చుసరికి గాలి మిగులును, తడి తఱుగును. ఈశాన్యపు వాన తూర్పుతీరమును తడిపి, మనదాక వచ్చునప్పటికి సన్నగిల్లును. అందుచేత అనంతపురమున ఏడాదికి సగటున సుమారు 22 అంగుళముల వాన మాత్రమే పడును. అదియు వేళకు పడిననే పంట. 1876వ సంవత్సరమున వానలు తప్పెను. నాడు మన ప్రాంతము బళ్లారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. 1878 వఱకు సాగిన ఆ కఱవున చెన్నపురి రాజధానిలో లక్షలకొలది జనము మడసిరి. 1871నాటి జనాభాలెక్కను 1881నాటి లెక్కతో సరిచూచిన, అనంతపురపు గ్రామములలో ఇంచుమించు అయిదవవంతు జనము తగ్గినట్లు కనబడును. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి, సహాయపు పనులలో కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొలదిపాటి డబ్బును చాలునని నిర్ణయించెను. ఆ తిండితో కష్టించువాని దేహము నిలువదని ఆరోగ్యాధికారి యగు డాక్టరు కార్నిష్ వాదించెను.

ఆ కఱవునకు మూలము మన ఆకసమునందు మాత్రమే లేదని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. పసిఫిక్ మహాసముద్రపు నడిమిభాగమునను తూర్పుభాగమునను నీరు వేడెక్కిన యేడులలో మన దేశమున వాన తఱుగుట కద్దు. 1877లో అట్టి వేడిమి మిక్కిలి తీవ్రముగ నుండెను. అట్టి యేడులలో పసిఫిక్ నడుమనున్న ఫిజీ దీవులకును వాన తగ్గుట కలదు. అనగా మన యెండిన చెఱువును, మనవారు ఆశపడి పోయిన ఆ దూరపు దీవియు ఒక్క సముద్రపు చలువవేడిమికి లోబడినవే.

ఇక దీవులు మనవారిని పిలుచుటకు కారణమేమి? బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు శాసనము 1833లో పుట్టి, మఱు సంవత్సరమున అమలునకు వచ్చెను. చెఱకుతోటల దొరలకు బానిసలకు మాఱుగా పనివాండ్రు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో కలకత్తానుండి పోయిన 36 మంది కూలీలు మారిషసు దీవిలోని పోర్టు లూయీ రేవున దిగిరి. అటుపిమ్మట తెలుగుతీరమునుండియు ప్రయాణములు సాగెను. గోదావరి సాగరసంగమము చెంతనున్న కోరంగి రేవు నాడు ప్రసిద్ధమైనది. ఆ పేరే మారిషసులో తెలుగువారికి బిరుదువలె నిలిచిపోయి, ఏ జిల్లావాడైనను అచట కోరంగి యనిపించుకొనెను. కూలీలను మోసపుచ్చి తీసికొనిపోవుచున్నారన్న ఆందోళనచే ఈ వలసను కొంతకాలము నిలిపివేసిరి. 1842లో క్రొత్త నిబంధనలతో మరల సాగనిచ్చిరి. మొత్తముమీద మన దేశమునుండి మారిషసునకు పోయినవారు నాలుగున్నర లక్షలకు పైబడుదురు.

ఓడలెక్కిన తెలుగువారిలో పెక్కురు తీరపు జిల్లాలవారు. అయినను వారి కథ మనకు పరాయిది కానేరదు. వారిని కదలించిన వాన, పని, కూడు అను మూడు మాటలే మన మెట్టజనమును నేటికిని కదలించుచున్నవి.

తొలినాళ్లలో పోయినవారు దాదాపు అందఱును పురుషులు. దొరలకు కావలసినవి చేతులు. కాపురములతో వారికి పనిలేదు. స్త్రీలు లేని కూలివాడలలో కలహములును దుర్మార్గములును ప్రబలుటచే, ప్రతి ఓడయందును ఇంతమంది పురుషులకు ఇంతమంది స్త్రీలుండవలెనని సర్కారు నియమించెను. ఫిజీకి పోవు ఓడలలో నూఱుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు అని లెక్క. ఈ లెక్క నింపుటకై వలసకూలీలను సేకరించువారు స్త్రీలను వెదకి వెదకి చేర్చిరి. ఊరినుండియే జంటగా బయలుదేరినవారు కొందఱు. రేవుపట్టణపు డిపోలో ఒకరి కష్టము నొకరు చూచి, అచటనే జతగూడినవారు కొందఱు. ఓడలో ఒంటరి పురుషులను ముందుభాగమునను, ఒంటరి స్త్రీలను వెనుకభాగమునను, ఆ రెంటి నడుమ కుటుంబములను ఉంచెడివారు. మన యిండ్లలో పెద్దలు చూచుకొను మర్యాదను ఓడలో చెక్కగోడలు చూచుకొనెను.

మారిషసున దిగిన దంపతులకు మొదట వింతగొలిపినది ఋతువుల తాఱుమాఱు. భూమధ్యరేఖకు దక్షిణముననుండుటచే, మనకు చలికాలమైన పుష్యమాఘములు వారికి నడివేసవి. నవంబరునుండి ఏప్రిలు వఱకు ఎండయు వానయు కలిసియే వచ్చును. దీవి మొత్తముమీద ఏడాదికి సగటున 80 అంగుళముల వాన, అనగా మనకు పడుదానికి మూడింతలకు పైగా. మెట్టమీద మబ్బుతునకకు మ్రొక్కినవారు అచట వాన వెలియుటకు మ్రొక్కవలసివచ్చెను. తుపాను భయము ఆ కాలమున ఎల్లప్పుడును ఉండును. 1892 ఏప్రిలు 29వ తేదీన వచ్చిన తుపాను వేయిమందికి పైగా జనమును పొట్టనబెట్టుకొనెను.

వానతోపాటు దోమయు వచ్చెను. 1867వ యేట మలేరియా జ్వరము చెలరేగి, ఆ చిన్నదీవిలో ఒక్క యేడాదిలోనే ముప్పదివేలమందికి పైగా మరణించిరి. ఆ జ్వరమునకు దోమయే వాహనమని నాడెవ్వరికిని తెలియదు. ముప్పదియేండ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, మన తెలుగుగడ్డమీదనే, సికింద్రాబాదునందు రోనాల్డ్ రాస్ దోమ కడుపున ఆ జ్వరపు జీవిని కనుగొనెను. 1907లో ఆయనయే మారిషసునకు పోయి, నిలువనీటిని తొలగించు ఉపాయములను అచటివారికి బోధించెను. కఱవు చంపిన జనమును మనము లెక్కించితిమి. నిండుకుండవంటి దేశమున వాన వెనుక వచ్చిన జ్వరము చంపిన జనమును కూడ ఆ లెక్కప్రక్కన వ్రాసికొనవలెను.

అయినను దంపతులను ఎక్కువగా బాధించినది ఒప్పందము. తొలిరోజులలో పురుషునకు నెలకు అయిదు రూపాయల జీతము, దానిపై బియ్యము పప్పు మొదలగు బత్తెము. ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల కూలి కోసెడివారు. వాన కురిసి ఒడలు కాగుచున్నను ఈ కోత తప్పెడిది కాదు. మఱియొక కష్టము మనస్సును కలచునది. అగ్నిసాక్షిగా జరిగిన పెండ్లికి, సర్కారువారి పుస్తకమున నమోదు లేనిచో, దీవి చట్టమున విలువ లేకుండెను. తాళి యున్నను కాగితము లేని స్త్రీ, చట్టము దృష్టిలో భార్య కాదు. ఆమె బిడ్డలకు తండ్రి యాస్తిపై హక్కు నిలువదు. ఇట్టి అన్యాయములు పెరుగుటచే 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తెల్లదొర సహాయమున 9,401 మంది భారతీయులు చేవ్రాళ్లు పెట్టి మహజరు సమర్పించిరి. దానిపై 1872లో రాణిగారి ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. ఒకరి చేవ్రాలు గాలికిపోవును, వేలమంది చేవ్రాళ్లు లండనునకు వినబడును అని దానివలన తేలినది.

1901 అక్టోబరు చివర, ఆ దీవిలో వానలకు ముందునాళ్లలో, మఱియొక జంట పోర్టు లూయీ రేవున దిగెను. వారు గాంధీజీయు కస్తూరిబాయియు. దక్షిణాఫ్రికానుండి బిడ్డలతో స్వదేశమునకు వచ్చుచు త్రోవలో సుమారు మూడు వారములు అచట ఆగిరి. బిడ్డలకు చదువు చెప్పింపుడు, ప్రజావ్యవహారములలో పాల్గొనుడు అని గాంధీజీ అచటివారికి హితవు చెప్పెను. ఆయన ప్రోత్సాహముననే మణిలాల్ డాక్టర్ అను న్యాయవాది 1907లో మారిషసునకు పోయి కూలీల పక్షమున వాదించెను. 1912లో అతడు ఫిజీకి తరలెను.

ఫిజీకి కూలీలను 1879నుండి కలకత్తానుండియు, 1903నుండి చెన్నపురినుండియు పంపిరి. 1916 వఱకు పోయిన అఱువదివేలకు పైబడిన జనములో సుమారు నాలుగవవంతు దక్షిణదేశీయులు; వారిలో తెలుగువారును కలరు. ఆ ఒప్పందమును అచటివారు గిర్మిట్ అనిరి. అది అయిదేండ్ల కట్టుబాటు. పూర్తిపనికి పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. చాలకాలము వఱకు కూలివాడలో ఒక్కొక్క గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి పురుషులైనను, లేక ఆలుమగలును ఇద్దఱు బిడ్డలును ఐనను ఉండవలెను. గదుల నడిమి గోడలు కప్పువఱకు లేకుండెను. వానకాలమున తడిసిన బట్టలు, పొగచూరు పొయ్యి, నిద్రించు బిడ్డలు అన్నియు ఆ యేడడుగులలోనే. దంపతులకు గుట్టన్నది ఎట్లుండునో పెద్దలు ఊహింపగలరు. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అను నిరువురు ఫిజీకి పోయి చూచి వచ్చి, ఈ పద్ధతి కుటుంబజీవనమునే చెఱచుచున్నదని లోకమునకు చాటిరి. అంతకుమున్ను గోఖలే 1912లో శాసనసభయందు దీనిని ఖండించియుండెను. 1917లో క్రొత్తవారిని పంపుట ఆగెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను.

ఒప్పందము పోయినను కూలి పెరుగలేదు. యుద్ధానంతరము బియ్యము, బట్ట ధరలు మిన్నంటెను. ఆ జనవరిలోనే సువా పట్టణమున పనివారు సమ్మె కట్టిరి. స్త్రీలకు నాయకురాలై నిలిచినది మణిలాల్ భార్యయగు జయకుంవర్. భర్త న్యాయస్థానమున వాదింపగా, భార్య వీథిలో స్త్రీలను కూడగట్టెను. ఆ యేడే ఆ దంపతు లిరువురును ఆ దీవులను విడువవలసివచ్చినది.

ఇన్ని కష్టములలో నిలిచినదేమి? ఆలుమగలు నిలిపిన ఇల్లు నిలిచినది. తల్లి లాలపాడిన భాష, తండ్రి చెప్పిన ఇంటిపేరు, పండుగనాటి వంట ఒంటరివానితో దీవి దాటి నిలువజాలవు. మారిషసులో నేటికిని ఉగాది సర్కారు సెలవుదినము. సింహాద్రి అప్పన్న కొలువును, అమ్మోరు పండుగయు అచటి తెలుగువారు జరుపుకొనుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగెను. నాడు కూలీలు దిగిన మెట్లను అప్రవాసీ ఘాట్ అను పేర 2006లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. దిగినవారి పేరు, తండ్రిపేరు, ఊరు వ్రాసిన పుస్తకములు మోకా అను ఊర మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగ నున్నవి. వాని నాధారముగ జేసికొని నాలుగు తరముల తరువాత మనుమలు తాతగారి ఊరిని వెదకుచు వచ్చుచున్నారు. కూలీలను అదుపులో నుంచుటకై దొరలు వ్రాయించిన పుస్తకమే వారి వంశమునకు ఆధారమైనది.

పెద్దలారా, వాన లేని నేలను విడిచి వాన యున్న నేలకు పోవుట తప్పు కాదు. అయితే కూలివానికి తన శ్రమపై హక్కు లేనిచోట ఎంత వాన కురిసినను వాని గాదె నిండదని ఆ దీవులు నేర్పినవి. నేటికిని మన గ్రామములనుండి వానలు తప్పిన యేడు ఆలుమగలు పిల్లలను వృద్ధులకు అప్పగించి దూరపు పట్టణములకు పోవుచున్నారు. చదువు వచ్చిన పెద్దలు ఒక్క పని చేయవచ్చును. పోవు జంట పేరు, పోవు చోటు, పిలిచిన మేస్త్రీ పేరు, ఒప్పుకొన్న కూలి, తిరిగివచ్చు గడువు ఒక పుస్తకమున వ్రాసి ఊర నుంచుడు. బిడ్డలను బడి మానిపింపకుడు. భార్య కూలిని ఆమె చేతికే ఇప్పించునట్లు ముందే మాట తీసికొనుడు. ఎవరైన తిరిగిరానిచో విచారించుటకు ఆ పుస్తకమే మొదటి సాక్షి.

సముద్రమవతలి దొరలు తమ లాభమునకై వ్రాసిన పుస్తకము మనవారి పేళ్లను నిలిపినది. మనవారి మేలునకై మన గ్రామమున మనము వ్రాసికొను పుస్తకము అంతకన్న మిక్కిలి నిలుపగలదు.