చాంద్ రాత్ నుంచి ఈద్ దాకా: టీవీలో మన పండుగ ప్రోగ్రాములు

రంజాన్ 29వ రోజా ఇఫ్తార్ కాగానే ఇప్పుడందరం ఫోన్ చూస్తాం. ఒకప్పుడు జహీరాబాద్ గల్లీల్లో రేడియో, టీవీ ముందు కూర్చునేవాళ్లు. రుయత్-ఎ-హిలాల్ కమిటీ ఎలాన్ వస్తే చాంద్ ముబారక్, లేకుంటే ఇంకో సహరీ. తెల్లారి ఈద్ అయితే టీవీలో స్పెషల్ ప్రోగ్రాం.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్‌లో మొదలైంది. దేశంలో రంగుల ప్రసారాలు 1982లో వచ్చాయి, ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఏడాది. పండుగకు ఖవ్వాలీ, గజళ్లు, ముషాయిరా ఉండేవి. పెద్దవాళ్లు ఎక్కువగా తలచుకునేది మిజాహియా ముషాయిరానే. ఎందుకంటే అది మనం ఇంట్లో మాట్లాడే దక్కనీ. బళ్లో తెలుగు, పుస్తకాల్లో ఖాలిస్ ఉర్దూ, టీవీలో మాత్రం మన వంటింటి మాట!

అమ్మీ చెబుతుంది: గల్లీ మొత్తానికి రెండే టీవీలు. షీర్ ఖుర్మా గిన్నెలు పట్టుకొని అందరూ అక్కడికే. సిటీ వంద కిలోమీటర్ల దూరం కాబట్టి బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ. ఒకరు మిద్దెక్కి యాంటెనా తిప్పితే కింద నుంచి "బస్, బస్, అక్కడే ఆపు" అని కేకలు. టీవీ వద్దనే ఇళ్లూ ఉండేవి, ఆ పిల్లలు కిటికీ దగ్గర నిలబడేవాళ్లు.

మా తరానికి 2001లో వచ్చిన ఈటీవీ ఉర్దూ గుర్తు. అదే 2018లో న్యూస్18 ఉర్దూ అయింది. డీడీ ఉర్దూ 2006లో వచ్చింది. చానళ్లు పెరిగాక ఒకే ఇంట్లో చేరడం పోయింది.

పాత రికార్డింగులు దొరకడం కష్టం. అప్పట్లో టేపులు ఖరీదు. పాతదాని మీదే కొత్తది రికార్డు చేయడం చాలా దేశాల్లో జరిగింది, బీబీసీ కూడా అలాగే ఎన్నో పోగొట్టుకుంది. ప్రసార భారతి ఆర్కైవ్స్ కొన్ని పాతవి యూట్యూబ్‌లో పెడుతోంది గాని, దక్కనీ ఈద్ ముషాయిరాలు నేను వెతికితే పెద్దగా దొరకలేదు. గల్ఫ్ వీసీఆర్‌లతో ఇళ్లలో రికార్డు చేసిన క్యాసెట్లే దిక్కు. మీ సందూకులో ఉంటే పారేయకండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి, టేపు పాడవుతుంది, బూజు మిషన్‌కీ అంటుతుంది. వీడియో షాపులో శుభ్రం చేయించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

తప్పు మేమూ చేశాం. మామూ రికార్డు చేసిన ముషాయిరా మీదే ఖాలా షాదీ ఎక్కించారు. రుఖ్సతీ అయిపోయాక చివర్లో రెండు నిమిషాలు మిగిలింది. శాయర్ ఎవరో అమ్మీకి గుర్తు లేదు. జనం నవ్వులు మాత్రం సాఫ్‌గా వినిపిస్తాయి.