హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎవరికి చోటు?

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే అనంతపురం పిల్లలు ఆర్డీటీ సంస్థ మైదానంలో కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, చంకలో ఇరికించుకుని పరిగెత్తి, అడ్డొచ్చినవాణ్ని గుద్ది పడేసే ఆట. ఇందులో పేరున్న ఆటగాడు రిటైరైతే అమెరికావాళ్లు ముందుగా అడిగేది ‘ఇతనికి హాల్ ఆఫ్ ఫేమ్ వస్తుందా?’ అని. ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో 1963లో తెరిచిన ఆ కీర్తిమందిరంలో, ఎంపికైన ప్రతివారికీ ఒక కంచు విగ్రహం ఉంటుంది. ఎవరికి ఆ చోటు దక్కుతుందో ఊహించడానికి ఆటగాడి లెక్కలు చాలవు. ఈ దేశం ఎవరి పనిని గుర్తుపెట్టుకుంది, ఎవరిని ఎంతకాలం పక్కన పెట్టింది అన్న చరిత్ర కూడా తెలియాలి.

ఆ చరిత్ర కాంటన్‌లోనే, ఒక కార్ల షోరూంలో మొదలైంది. 1920 సెప్టెంబర్ 17న జట్ల యజమానులు అక్కడ కూర్చుని, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) అయిన లీగును స్థాపించారు. దానికి తొలి అధ్యక్షుడు జిమ్ థోర్ప్ అనే ఆదివాసీ క్రీడాకారుడు. 1963లో తొలి విడతగా గౌరవించిన 17 మందిలో ఆయనా ఉన్నాడు. అదే 1920లో ఏక్రన్ జట్టును విజేతగా నిలిపినవారిలో ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతీయుడున్నాడు. మరుసటి ఏడాది ఆ జట్టుకు కోచ్‌గానూ పనిచేశాడు. అయినా 1934 నుంచి 1945 దాకా లీగులో ఒక్క నల్లజాతి ఆటగాణ్నీ ఆడనివ్వలేదు. పొలార్డ్ 1986లో చనిపోయాడు. కాంటన్‌లో ఆయన విగ్రహం వెలిసింది 2005లో.

ఇప్పటి నియమం ప్రకారం రిటైరయ్యాక ఐదేళ్లు ఆగాలి. ఆ తర్వాత యాభై మంది దాకా ఉండే ఓటర్లు, ఎక్కువగా క్రీడా విలేకరులు, తలుపులు మూసుకుని చర్చిస్తారు. నూటికి 80 ఓట్లు పడాలి. పాసులు అందుకుని సాధించిన గజాల్లో టెరెల్ ఓవెన్స్ రిటైరయ్యే నాటికి చరిత్రలో రెండోవాడు. అయినా జట్టులో గొడవలు పెట్టేవాడన్న పేరు అడ్డొచ్చి మూడో ప్రయత్నంలో, 2018లో గానీ ఎంపిక కాలేదు. డెర్మాంటీ డాసన్ కథ ఇంకో రకం. అతను సెంటర్. వంగి, కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి అందించి, మరుక్షణమే మీదికి దూకే భారీ మనుషుల్ని ఆపడం అతని పని. ఆ పనికి స్కోరుబోర్డులో అంకె ఉండదు. వర్షపాతం రికార్డులో ఎక్కని కరువును సర్కారు కరువుగా లెక్కించనట్టే, అంకె లేని ఆటను ఓటర్లూ సులువుగా లెక్కించరు. ఆరుసార్లు దేశంలోకెల్లా మేటి సెంటర్‌గా ఎంపికైన డాసన్, అర్హత వచ్చాక కూడా 2012 దాకా వేచి ఉన్నాడు.

దీన్నిబట్టి నా అంచనా ఇది. ఏటా జరిగే ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను ఏడుసార్లు గెలిచిన టామ్ బ్రాడీకి 2028లో అర్హత వస్తుంది. ఆ ఏడాదే ఎంపికవుతాడు, చర్చే అక్కర్లేదు. మూడుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడైన ఆరన్ డోనాల్డ్‌కూ 2029లో అంతే. జేసన్ కెల్సీ కూడా డాసన్‌లాగే సెంటర్, ఆరుసార్లు మేటిగా ఎంపికైనవాడే. అతనికీ వస్తుంది కానీ, మొదటి ఏడాదే వస్తుందని మాత్రం నేను పందెం కాయను. ఎలై మ్యానింగ్ రెండు సూపర్ బౌల్స్‌లో ఉత్తమ ఆటగాడు. కానీ లీగు మ్యాచుల్లో 117 గెలిచి 117 ఓడాడు. 2025లో తొలి ప్రయత్నంలో అతనికి దక్కలేదు.

‘ఇదంతా ఇష్టాయిష్టాల వ్యవహారం, పోయాక ఇచ్చే గౌరవం ఎవరికి కావాలి?’ అనొచ్చు. నిజమే, పొలార్డ్‌కు ఆ గౌరవం చూసుకునే భాగ్యం లేకపోయింది. కానీ నియమం బహిరంగంగా ఉంది కాబట్టే, ఎవరికి అన్యాయం జరిగిందో జనం వేలెత్తి చూపగలిగారు. పాతవాళ్ల పేర్లు మళ్లీ తిరగేయడానికి ఇక్కడ ప్రత్యేక కమిటీ ఉంది. 1968లో ఆట మానేసిన జెర్రీ క్రేమర్‌కు యాభై ఏళ్లకు, 2018లో, చోటు దొరికింది ఆ దారినే.

మనకు ఆ దారే లేదు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ 1962 జట్టు ముందువరసలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో సమానంగా ఆడినవాడు సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం. వాళ్లిద్దరికీ పద్మశ్రీ దక్కింది. బలరాం 1962 నాటి అర్జున అవార్డుతోనే 2023లో కన్నుమూశాడు. ఎందుకిలా అని అడగడానికి అమెరికాలో ఉన్నట్టు మన దగ్గర ఒక నియమమూ లేదు, పాత పేర్లు తిరగేసే కమిటీ కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలు ఇలాంటి కీర్తిమందిరం కోసం ముందు చేయాల్సింది విగ్రహాలు పెట్టడం కాదు. ఎవరు ఎంపిక చేస్తారో, ఏ కొలతతో చేస్తారో, పాతవాళ్లకు ఎన్ని చోట్లు ఉంటాయో రాసి ప్రకటించాలి. అలా ఎంపికయ్యేవారి జాబితాలో మొదటి పేర్లు రహీం, బలరాంలవి కావాలి.