దారి మళ్లించే స్విచ్: పుట్టుపూర్వోత్తరాలు

సింగపూర్‌లో మొట్టమొదటి ఎల్‌ఆర్‌టీ లైను బుకిట్ పంజాంగ్‌ది. 1999 నవంబరు 6న నడక మొదలుపెట్టింది. బండిలో డ్రైవరు ఉండడు. చోవా చూ కాంగ్ నుంచి బయల్దేరిన బండి బుకిట్ పంజాంగ్ స్టేషన్ దాటాక గుండ్రంగా చుట్టి వస్తుంది. ‘ఎ’ సర్వీసు సెంజా మీదుగా, ‘బి’ సర్వీసు పెతిర్ మీదుగా. ఆ చుట్టులోని ఫజార్‌లో దిగాల్సిన వాళ్లు ఏది ఎక్కినా ఇల్లు చేరతారు.

ఈ లైనును కొత్తగా తీర్చిదిద్దే పనిని 2018లో బొంబార్డియర్‌కు అప్పగించారు. ఆ సంస్థ రైలు విభాగం 2021లో ఆల్‌స్టమ్ చేతికి వెళ్లింది. పాత సిగ్నలింగ్ స్థానంలో వచ్చేది సీబీటీసీ. అందులో బండి తానెక్కడున్నదీ రేడియోలో చెబుతూ ఉంటుంది, ఎంతవరకు పోవచ్చో కింది కంప్యూటర్లు చెబుతుంటాయి. ఆ మాట ఆగిపోతే బండీ ఆగాల్సిందే. అందుకే ఇలాంటి చోట్ల ఫైబర్‌ను రింగుగా లాగుతారు. ఒకవైపు తెగితే ప్యాకెట్లు రెండోవైపు నుంచి చుట్టి రావాలి. ఆ మళ్లింపు చేసేది డిన్ రైలు అనే లోహపు పట్టీకి బిగించి, 24 వోల్టుల డీసీతో నడిచే ఫ్యాను లేని చిన్న పెట్టె, ఇండస్ట్రియల్ స్విచ్. దాన్ని కాన్ఫిగర్ చేసేటప్పుడు మనం కొట్టే అంకెల్లో చాలావాటి వెనక ఏదో ఒక పాత వైఫల్యం ఉంది. అది తెలియకుండా వాటిని మార్చకూడదని నా గట్టి నమ్మకం.

ఆ వైఫల్యాల కథ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌తో మొదలవుతుంది. 1969లో మొదలైన ఆ నెట్‌వర్క్‌లో ప్రతి నోడూ పొరుగు నోడు చెప్పిన దూరాలను నమ్మి తన టేబుల్ రాసుకునేది. లింకు తెగినప్పుడు వచ్చేది చిక్కు. ‘నాకు దారి ఉంది’ అని ఒకటి, ‘అయితే నీ మీదుగా నాకూ ఉంది’ అని రెండోది, ఒకదాన్నొకటి నమ్ముకుంటూ దూరం లెక్కను పెంచుకుంటూ పోయేవి. జిరాక్స్ పరిశోధనల్లోంచి వచ్చి, 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో 1983లో ఊరూరా పాకిన రిప్ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌దీ ఇదే పద్ధతి. 1988లో చార్లెస్ హెడ్రిక్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 1058 అనే పత్రంగా రాసిపెట్టారు. లెక్క పెరుగుదలకు అడ్డుకట్టగా 16 అంటే ‘దారి లేదు’ అని పెట్టారు. బుకిట్ పంజాంగ్ లైనులో ఇప్పుడున్నవి 13 స్టేషన్లు. స్టేషన్‌కొక రౌటర్ అనుకుంటే ఇంత చిన్న లైనుకే ఆ హద్దు దగ్గరపడుతుంది.

1979లో జాన్ మాక్‌క్విలన్ బృందం ఆర్పానెట్‌కు కొత్త పద్ధతి తెచ్చింది. ప్రతి నోడూ తన లింకుల సంగతి మాత్రమే అందరికీ చెబుతుంది. ఆ వివరాలతో మొత్తం మ్యాపు కట్టుకుని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన లెక్కతో ఎవరి దారి వాళ్లు వెతుక్కుంటారు. పాత కబురేదో కొత్త కబురేదో తెలియడానికి ఆరు బిట్ల వరుస సంఖ్య ఉండేది. 63 తర్వాత మళ్లీ సున్నా.

1980 అక్టోబరు 27న ఆ నెట్‌వర్క్ గంటల తరబడి కుప్పకూలింది. ఒక నోడు మెమరీలో బిట్లు రాలిపోయి, ఒకే నోడు కబురు 44, 40, 8 అనే మూడు సంఖ్యలతో తిరగడం మొదలైంది. సంఖ్యలు చక్రంలా తిరిగేవి కాబట్టి 40 కంటే 44 కొత్తది, 8 కంటే 40 కొత్తది, 44 కంటే 8 కొత్తది! మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ చావు లేకుండా తిరిగాయి. రౌటింగ్ కబుర్లకు ముందు వరస కనుక మిగతా పనులన్నీ మూలపడ్డాయి. ఎరిక్ రోజెన్ దీన్నంతా ఆర్‌ఎఫ్‌సీ 789లో విప్పి చెప్పారు. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి కుర్రవాడూ, ప్రతి అమ్మాయీ చదవాల్సిన కాగితం అది.

జాన్ మోయ్ 1989లో రాసిన ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్, దాని 1991 నాటి రెండో రూపు ఆ గాయాన్ని గుర్తుపెట్టుకున్నాయి. రెండో రూపులో వరుస సంఖ్య 32 బిట్లు, చక్రంలా తిరగదు. కబురు పుట్టినచోటి చెక్‌సమ్ చివరిదాకా మారదు. గంటలోగా తాజా పరచకపోతే ఆ కబురు చెల్లదు. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328 మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. ఆ తర్వాత 2003లో దీనికి ట్రాఫిక్ ఇంజనీరింగ్ చేర్చిన ముగ్గురిలో కిరీటి కోంపెల్ల ఒకరు. ఆర్‌ఎఫ్‌సీ 3630 మీద ఆ తెలుగు పేరు చూసినప్పుడల్లా సంతోషం వేస్తుంది.

ఓఎస్‌పీఎఫ్ పుట్టింది ఆఫీసుల కోసం, కాలేజీల కోసం. పది సెకన్లకో ‘హలో’ కబురు, నలభై సెకన్లు హలో రాకపోతే పొరుగు పోయినట్టు లెక్క. ఫైబర్ నేరుగా తెగితే పోర్టు డౌన్ అవుతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఇంకో స్విచ్ గానీ మీడియా కన్వర్టర్ గానీ ఉంటే మన పోర్టు లైటు వెలుగుతూనే ఉండొచ్చు, ప్యాకెట్లు మాత్రం నలభై సెకన్లు గాలిలో కలిసిపోతాయి. రైలుకూ మిషనుకూ అది కుదరదు. అందుకే ఫ్యాక్టరీల్లో రింగు లోపల ఎంఆర్‌పీ అనే రింగు ప్రోటోకాల్ పెడతారు. 50 స్విచ్‌ల రింగు 200 మిల్లీసెకన్లలోపు కోలుకునేలా దాన్ని రూపొందించారు. రింగుల మధ్య ఓఎస్‌పీఎఫ్, దానికి తోడు 2010లో ప్రమాణంగా వచ్చిన, దారి తెగిందని త్వరగా పసిగట్టే బీఎఫ్‌డీ.

ఓఎస్‌పీఎఫ్ కాన్ఫిగర్ చేసేటప్పుడు హలో టైమరు, పొరుగు పోయిందని తేల్చే డెడ్ టైమరు రెండువైపులా ఒకటే ఉండాలి, లేకపోతే నైబర్ ఏర్పడదు. టైమర్లు కలిసినా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తేడా ఉంటే నైబర్ ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే నిలిచిపోతుంది. ఆ తనిఖీ 1997లో కావాలనే పెట్టారు. చిన్న హలోలు దాటి పెద్ద ప్యాకెట్లు దాటని లింకును ముందే పట్టుకోవడానికి.